సరూర్‌నగర్ సీఆర్‌వీ: గేర్‌బాక్స్ దింపకుండా తేలిన కేసు

బండి 2008 మోడల్ హోండా సీఆర్‌వీ. 2.4 లీటర్ల పెట్రోల్ ఇంజను, 5 గేర్ల ఆటోమేటిక్. తిరిగింది 1,46,000 కిలోమీటర్లు. మా షెడ్డుకు వచ్చింది 2024 ఏప్రిల్ చివరి వారంలో, హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో. ఎండ సంగతి ఊరికే రాయలేదు. ఈ కేసులో సగం దాని మీదే నడిచింది.

ఓనరు రిటైరైన లెక్కల సారు. ఉండేది సరూర్‌నగర్. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ అనే ఉంది. వనస్థలిపురం దాటాక ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు ఆపి, ఇంజను కట్టెయ్యకుండానే దిగారు. "తమ్మీ, గేర్‌బాక్స్ బైఠ్ అయిందంటున్నరు. నువ్వొకసారి చూడు. పోయిందంటే పోయిందని చెప్పు, అమ్మేస్త" అన్నారు. చేతిలో వేరే చోట రాయించుకున్న కొటేషన్ ఉంది. గేర్‌బాక్స్ దింపి ఓవర్‌హాల్ చేయడానికి 1,65,000 రూపాయలు. అంత పాత బండిని అమ్మితే చేతికొచ్చేది దానికంటే పెద్ద ఎక్కువేమీ కాదు.

ఫిర్యాదులు మూడు చెప్పారు. రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజను ఉత్తినే రేస్ అవుతుంది, తర్వాత గేరు పడి వెనక నుంచి ఎవరో తోసినట్టు కుదుపు వస్తుంది. 50, 60 మధ్య నిలకడగా పోతున్నప్పుడు బండి గడగడ వణుకుతుంది. ట్రాఫిక్‌లో గంట తిరిగి ఇంటికొచ్చి రివర్స్ వేస్తే రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు, తర్వాత దడ్‌మని పడుతుంది. మధ్యలో ఎప్పుడైనా మీటర్లో డ్రైవ్ గేరు చూపించే 'డి' లైటు మిణుకుమిణుకుమంటుంది, బండి కట్టేసి మళ్లీ స్టార్ట్ చేస్తే పోతుంది. ముందు చూసిన షాపులో స్కానర్ పెట్టి, బండి కంప్యూటర్ రాసిపెట్టుకున్న తప్పు కోడ్ చెరిపేశారట. ఏ కోడో రాసిపెట్టలేదు. బిల్లు మీద "కోడ్ క్లియర్డ్" అని మాత్రం ఉంది. అది చూసి నాకు నిజంగా బాధేసింది. బండి తన నోటితో చెప్పిన ఒకే ఒక్క మాటను తుడిచేశారు.

"పొద్దున ఎట్లుంటది సార్?" అని అడిగాను.

"పొద్దుగాల మంచిగనే పోతది. ఎండెక్కినంకనే ఈ వేషాలన్నీ."

ఆ ఒక్క మాటతో దింపాలన్న ఆలోచన పక్కన పెట్టాను. క్లచ్ ప్లేట్లు తినేసిన బాక్సు చల్లగా ఉన్నా ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే. ప్లేట్లలో పట్టు లేకపోతే బరువు పడ్డప్పుడే జారాలి. అందుకని మర్నాడు పొద్దున ఆరింటికి, బండి రాత్రంతా చల్లారాక, సారును పక్కన కూర్చోబెట్టుకుని విజయవాడ హైవే మీద హయత్‌నగర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా తీసుకెళ్లాను. ల్యాప్‌టాప్ మా కుర్రాడి ఒళ్లో ఉంది. పూర్తిగా నొక్కి తోలితే రెండు నుంచి మూడుకు శుభ్రంగా మారింది, ఒక్క జారుడు లేదు. తిరిగొచ్చేటప్పుడు ఏసీ వేసుకుని ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాకా ట్రాఫిక్‌లో పాకించుకుంటూ పోయాం. పదిన్నరకల్లా అన్ని జబ్బులూ బయటికొచ్చాయి. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు, అంటే మనం మామూలుగా సిటీలో తోలేటప్పుడు, రెండు నుంచి మూడుకు మారే క్షణంలో ఆర్‌పీఎం 2,100 దగ్గర్నుంచి 2,750కి ఎగిరి, మళ్లీ 1,500కి పడింది. గట్టిగా నొక్కితే వేడి మీద కూడా తేడా తక్కువే.

బరువు మీద జారనిది తేలిగ్గా ఉన్నప్పుడు జారుతోందంటే, ప్లేట్లలో పట్టు ఉంది. ఆ పట్టు సమయానికి అందడం లేదు.

ఇక్కడ ఈ బాక్సు సంగతి కొంచెం చెప్పాలి. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ప్లానెటరీ గేర్లు, అంటే నడిమి గేరు చుట్టూ తిరిగే చిన్న గేర్లు, ఉంటాయి. హోండా ఈ తరం బాక్సుల్లో అవి లేవు. మాన్యువల్ బాక్సులో మాదిరే పక్కపక్కనే షాఫ్టులు, ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉండే గేర్లు, ఒక్కో గేరును పట్టుకోవడానికి ఆయిల్ ప్రెషర్‌తో బిగిసే క్లచ్చులు. రెండు నుంచి మూడుకు మారడమంటే రెండో గేరు క్లచ్ వదలాలి, మూడో గేరు క్లచ్ పట్టుకోవాలి. పసిబిడ్డను ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి ఇచ్చినట్టు. తీసుకునే చెయ్యి పట్టు బిగించాకే ఇచ్చే చెయ్యి వదలాలి. ముందే వదిలితే ఇంజనుకు పని లేక రేస్ అవుతుంది. ఆలస్యంగా వదిలితే రెండు గేర్లూ ఒకేసారి పట్టుకుని కుదుపు వస్తుంది. పట్టే బలం, పట్టే సమయం రెండూ వేరు. కొటేషన్ రాసినవాళ్లు బలం పోయిందనుకున్నారు. నాకు సమయం మీద అనుమానం.

వణుకు వేరే కథ. 55 దగ్గర నిలకడగా పోతూ వణుకు మొదలయ్యాక, యాక్సిలరేటర్ మీద కాలు తియ్యకుండా ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను తాకీ తాకనట్టు తాకాను, బ్రేకు లైటు వెలిగేంత మాత్రమే. వణుకు ఆ క్షణమే ఆగిపోయింది. కాలు తీస్తే రెండు సెకన్లకు మళ్లీ మొదలైంది. ఇంజను తిప్పుడును ఆయిల్ ద్వారా బాక్సుకు అందించేది టార్క్ కన్వర్టర్, నిలకడగా పోతున్నప్పుడు ఆ రెంటినీ నేరుగా కలిపి పట్టుకునేది దాని లాకప్ క్లచ్. బ్రేకు స్విచ్ నొక్కగానే కంప్యూటర్ టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్‌ను వదిలేస్తుంది. కాబట్టి వణుకు చక్రాలది కాదు, ప్లగ్గులది కాదు, లాకప్‌ది. ఖర్చు లేని పరీక్ష ఇది. ఖాళీ రోడ్డు మీదే చెయ్యాలి, వెనక బండి ఉండకూడదు.

షెడ్డుకు వచ్చాక గేర్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీశాను. తియ్యడంలోనే ఒక మెలిక ఉంది. చాలా కంపెనీల ఆటోమేటిక్ బండ్లలో ఇంజను నడుస్తుండగా ఆయిల్ మట్టం చూస్తారు. ఈ హోండాకు అలా కాదు. చదునైన చోట నిలబెట్టి, రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా వేడెక్కించి, ఇంజను ఆపి, 60 నుంచి 90 సెకన్ల లోపల చూడాలి. ఇంజను నడుస్తున్నప్పుడు పంపు ఆయిల్‌ను కన్వర్టర్లోకి, దారుల్లోకి లాగేస్తుంది కాబట్టి మట్టం తక్కువ చూపిస్తుంది. తెలియక అప్పుడు చూసి "తక్కువుంది" అని పోస్తే ఎక్కువైపోతుంది. సారు బండిలో జరిగింది అదే. పై గీతకు ఒకటిన్నర సెంటీమీటరు మీద ఉంది ఆయిల్. పుల్ల మీద సన్నటి బుడగలు.

సారు బిల్లుల ఫైలు తెచ్చారు. మాష్టారు కదా, ప్రతి కాగితమూ తారీఖుల వారీగా ఉంది. 2023లో వేరే షాపులో మెషిన్ పెట్టి గేర్ ఆయిల్ మార్పించారు. "మల్టీ వెహికల్ ఏటీఎఫ్, 8 లీటర్లు" అని రాసుంది. ఏటీఎఫ్ అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్. వణుకు ఎప్పుడు మొదలైందని అడిగితే, దసరాకు ఊరికి పోయినప్పుడని చెప్పారు. ఆయిల్ మార్చిన రెండు మూడు నెలలకన్నమాట.

ఆ ఆయిల్ దించే ముందు ప్రెషర్ రాసిపెట్టుకోవాలనుకున్నాను. ఈ బాక్సు గోడకు గేజు తగిలించడానికి చిన్న బోల్టులు ఉంటాయి. పంపు నుంచి వచ్చే లైన్ ప్రెషర్ దగ్గర గేజు పెట్టి, ముందు చక్రాలు లేపి, 2,000 ఆర్‌పీఎం దగ్గర చూశాం. చల్లగా చదరపు సెంటీమీటరుకు 9.4 కేజీలు, ముల్లు కదలకుండా. బాగా వేడెక్కించాక 8.3కూ 9కీ మధ్య ముల్లు వణికింది. పంపు అరిగిపోతే ప్రెషర్ తగ్గి తగ్గినట్టే ఉంటుంది, ఇలా కొట్టుకోదు. ముల్లు కొట్టుకుంటోందంటే ఆయిల్లో గాలి ఉంది. మట్టం ఎక్కువైతే తిరిగే గేర్లు ఆయిల్లో మునిగి కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతాయి. నురగ పుడుతుంది. ఆయిల్ నలగదు కానీ గాలి నలుగుతుంది, అందుకే నురగతో వచ్చే ప్రెషర్ మెత్తగా, ఆలస్యంగా వస్తుంది. వేడెక్కి పలచబడ్డ కొద్దీ ఎక్కువ నురగ. రివర్స్ రెండు మూడు సెకన్లు పట్టకపోవడానికి, పొద్దున మంచిగ ఉండడానికి కారణం ఇక్కడే దొరికింది.

డ్రెయిన్ బోల్టు విప్పాం. దానికి మామూలు పానా పనికిరాదు. మధ్యలో నలుచదరపు గుంట ఉంటుంది, మూడెనిమిదో వంతు రాచెట్ నేరుగా అందులో కూర్చుంటుంది. ఆ బోల్టు కొసకు అయస్కాంతం ఉంటుంది. ఏ బాక్సునైనా దింపాలో వద్దో చెప్పేముందు నేను దాన్నే చూస్తాను. కాటుకలా మెత్తటి బూడిదరంగు పేస్టు పట్టి ఉంటే అది వయసు. మెరిసే తునకలు, పెచ్చులు ఉంటే అది గాయం. ఇక్కడ కాటుకే ఉంది, అదీ రెండు మిల్లీమీటర్ల మందం. సారును పిలిచి వేలికి రాసి చూపించాను. ఆయిల్ రంగు డికాక్షన్‌లా ఉంది కానీ మాడు వాసన లేదు. నీళ్లు కలిశాయేమోనని వేడి ప్లేటు మీద రెండు చుక్కలు వేశాను. పోపులో తడి గరిటె పెడితే చిటపటలాడినట్టు ఆడాలి నీళ్లుంటే. ఏమీ ఆడలేదు.

ఆయిల్ మారితే వణుకు ఎందుకొస్తుందని సారు అడిగారు. బోర్డు మీద సుద్దముక్క కీచుమనడం గుర్తుచేశాను. సుద్ద నున్నగా జారదు, పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, సెకనుకు ఎన్నో సార్లు. అందుకే ఆ కీచు. లాకప్ క్లచ్ కూడా చాలాసేపు పూర్తిగా బిగియకుండా కొంచెం జారుతూ పనిచేస్తుంది. ఆ జారుడు నున్నగా ఉండడానికి ఆయిల్లో కలిపిన మందులు ఆ బాక్సు ప్లేట్లకు తగ్గట్టు ఉంటాయి. హోండా ముందు వాడింది జెడ్-1, తర్వాత దాని స్థానంలో వచ్చింది డీడబ్ల్యూ-1. డబ్బా మీద "అన్ని బండ్లకూ" అని రాసినంత మాత్రాన అన్ని ప్లేట్లకూ సరిపోదు. సుద్ద మాట విని సారు ముఖం వెలిగింది. "ఇది ముప్పై ఏండ్లు నా చెవుల పక్కనే మోగింది తమ్మీ" అన్నారు.

మెషిన్ పెట్టలేదు. డీడబ్ల్యూ-1 తెప్పించి, పాత ఆయిల్ దించి పోశాను. ఈ బాక్సులో మొత్తం ఏడు లీటర్ల దాకా ఉంటే, బోల్టు విప్పితే దిగేది రెండున్నరే. మిగతాది కన్వర్టర్లోనూ దారుల్లోనూ ఉండిపోతుంది. మూడుసార్లు చెయ్యాలన్నాను. ఎందుకు మూడు అని సారు అట్టముక్క మీద లెక్క వేశారు. మొదటిసారికి పాతది 64 శాతం మిగులుతుంది, రెండోసారికి 41, మూడోసారికి 27. "నాలుగోసారి చేస్తే 17కొస్తది కదా?" అన్నారు. నాలుగోది కొన్ని నెలలు తిరిగాక చేద్దామన్నాను, ఆలోపు పాత మురికి కూడా కదులుతుంది. ప్రతిసారీ పదిహేను కిలోమీటర్లు తోలాం. అన్ని గేర్లూ పడాలి, లాకప్ పట్టాలి, మధ్యలో రివర్స్ వెయ్యాలి. అప్పుడే కొత్తది అన్ని మూలలకూ చేరుతుంది. బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషరు, 49 న్యూటన్ మీటర్ల బిగింపు. బాక్సు అల్యూమినియం. "ఇంకొంచెం" అని బిగిస్తే మర చెడుతుంది.

మూడోసారి అయ్యాక వేడి మీద ప్రెషర్ 9.3, ముల్లు నిలకడగా. రివర్స్ సెకను లోపే పడింది. వణుకు ఎప్పుడో ఒకసారి సన్నగా వచ్చేది, తర్వాత మూడు వందల కిలోమీటర్లు తిరిగేసరికి అదీ పోయింది. కానీ రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఆర్‌పీఎం ఇంకా 250 దాకా ఎగురుతోంది. 650 నుంచి 250కి వచ్చింది, సగానికి పైగా తగ్గింది, కానీ పోలేదు.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను, ఈ కేసు రాస్తున్నది సగం దాని కోసమే. క్లచ్ ప్రెషర్‌ను నడిపే లీనియర్ సోలెనాయిడ్లలో, అంటే కరెంటుతో పనిచేసే వాల్వుల్లో, మురికి ఉండి ఉంటుందనుకున్నాను. మల్టీమీటర్ పెడితే మూడూ 5 ఓమ్స్ దగ్గర చూపించాయి. ఉండాల్సింది 3 నుంచి 10. అంటే వైరు చుట్టలు బాగున్నాయి. అయినా విప్పి శుభ్రం చేశాను. గాస్కెట్ల కోసం ఒకటిన్నర రోజు ఆగాం. బయటికి తీసిన జల్లెడలు దాదాపు శుభ్రంగానే ఉన్నాయి. పెట్టాక చూస్తే అదే 250. కొలత "బాగుంది" అని చెప్పిన భాగాన్ని విప్పాను, కొలవని భాగాన్ని వదిలేశాను. మిగతాది తిరుగుతుంటే సర్దుకుంటుందిలే అనుకుని బండి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాను: "డి లైటు మళ్లా కొట్టుకుంటే ఎవ్వరితోని స్కాన్ చేయించకండి సార్, బ్యాటరీ వైరు విప్పనియ్యకండి, సీదా నా దగ్గరికి తీసుకురండి."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడింటికి సారు ఫోన్ చేశారు. చాదర్‌ఘాట్ సిగ్నల్ దగ్గర లైటు కొట్టుకుంటోంది, రేస్ కూడా మళ్లీ పెరిగింది. నేరుగా వచ్చేశారు. ఈసారి కోడ్ దొరికింది: మూడో గేరు క్లచ్ ప్రెషర్ స్విచ్ సర్క్యూట్, తెరుచుకుని ఉండిపోయింది.

ఆ స్విచ్ పని చిన్నది. మూడో గేరు క్లచ్‌లోకి ప్రెషర్ రాగానే మూసుకుని, కంప్యూటర్‌కు "పట్టుకున్నా" అని చెబుతుంది. బిడ్డను తీసుకునే చెయ్యి చెప్పే మాట అది. ఆ మాట అందితే రెండో గేరును సరైన క్షణంలో వదలవచ్చు. అందకపోతే కంప్యూటర్ గుడ్డిగా లెక్క కట్టుకోవాలి.

కానీ కోడ్ రాగానే స్విచ్ మార్చేయడం కూడా తప్పే. కోడ్ ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. "పట్టుకున్నా" అనే మాట రాకపోవడానికి రెండు కారణాలుండొచ్చు. చెయ్యి నిజంగానే పట్టుకోలేదు, లేదా పట్టుకుని కూడా నోరు మెదపలేదు. మొదటిది నిజమైతే బాక్సు దింపాల్సిందే, ఆ 1,65,000 కొటేషనే నిజమవుతుంది. అందుకని గేజును ఈసారి మూడో గేరు క్లచ్ బోల్టు దగ్గర పెట్టాం. ఒకరు గేజు చూస్తూ, ఒకరు ల్యాప్‌టాప్‌లో స్విచ్ చూస్తూ, వేడి మీద మూడో గేరులోకి పంపాం. గేజు ముల్లు ఒక్కసారిగా 9.2కు లేచింది. స్విచ్ "లేదు" అనే చెబుతోంది. మళ్లీ మళ్లీ చేశాం. పదిసార్లలో ఆరుసార్లు మూసుకుంది, నాలుగుసార్లు మూసుకోలేదు.

చెయ్యి పట్టుకుంటోంది. నోరే పెగలడం లేదు.

కనెక్టర్ ఊడదీస్తే లోపల పచ్చగా చిలుము. గుళ్లో పాత రాగి చెంబు అడుగున పట్టినట్టు. స్విచ్ విప్పి బల్ల మీద పెట్టి, గాలి పంపుతో ప్రెషర్ ఇస్తే చల్లగా ఉన్నప్పుడు ఒక ఓమ్ లోపే చూపించింది. హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేస్తూ పోతే ఒక దశలో అంకె 400కు ఎగిరి, తర్వాత పూర్తిగా తెగిపోయింది. చల్లారితే మళ్లీ మామూలు. పొద్దుగాల మంచిగ, ఎండెక్కినంక వేషాలు అని సారు మొదటి రోజే చెప్పిన మాట బల్ల మీద కళ్ల ముందు జరిగింది. వైరును వేళ్లతో వంచి చూస్తే కనెక్టర్ దగ్గర్నుంచి నాలుగంగుళాల మేర గట్టిగా ఉంది. తొడుగు కోస్తే రాగి పోగులు నల్లబడి పొడిపొడిగా రాలాయి. దీపపు వత్తి నూనె పీల్చినట్టు వైరు లోపలికి నీళ్లు పీల్చుకుంది.

అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న: "సార్, ఈ బండి ఎప్పుడన్నా నీళ్లల్ల నిలబడ్డదా?"

సారు కాసేపు మాట్లాడలేదు. 2020 అక్టోబర్ 13 రాత్రి. ఆ వానను హైదరాబాద్‌లో ఎవరూ మరిచిపోలేరు. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. సారు బండి హెడ్‌లైట్ల కింది దాకా మునిగి మూడు రోజులు అలాగే ఉంది. తెలివిగా స్టార్ట్ చెయ్యలేదు. టోయింగ్ బండి మీద ఎక్కించి పంపి, ఇంజను ఆయిల్, గేర్ ఆయిల్ మార్పించారు. ఇంజను బతికింది, బాక్సు బతికింది. కనెక్టర్లు విప్పి ఆరబెట్టాలని ఎవరికీ తట్టలేదు. ఆ రాత్రి చొచ్చిన నీళ్లు మూడున్నరేళ్లు నెమ్మదిగా రాగిని తిన్నాయి. "ఆ రాత్రి మేము మిద్దె మీదికెక్కినం. బండి గురించి సోయి లేదు" అన్నారు సారు.

ఆ వానలో మునిగిన బండ్లు ఇంకా ఊళ్లో తిరుగుతుండవచ్చు, ఓనర్లు మారి ఉంటే కొత్త ఓనర్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. అందుకే ఇప్పుడు మా షెడ్డులో జాబ్ కార్డు మీద కిలోమీటర్ల కింద ఒక గడి పెట్టించాను: "నీళ్లలో మునిగిందా? ఎప్పుడు? ఎంత లోతు?" ఓనరుకు తెలియకపోతే సీటు కింద కార్పెట్ ఎత్తి సీటు బోల్టుల తుప్పు చూస్తాం, సీటు బెల్టును చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూస్తాం.

కొత్త స్విచ్ నాలుగు రోజులకు వచ్చింది. వైరును చెడిపోని రాగి కనిపించేదాకా కోసి, కొత్త ముక్క అతికి, టంకం వేసి, జిగురున్న ట్యూబు ఎక్కించి వేడి చేసి బిగించాం. టేపు చుట్టలేదు. ఇంజను వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది. అదే దారిలో ఉన్న మిగతా కనెక్టర్లన్నీ విప్పి చూస్తే మరొకదాంట్లో సన్నగా పచ్చదనం కనిపించింది. దాన్ని కూడా శుభ్రం చేశాం. బ్యాటరీ నుంచి బాక్సుకు వచ్చే ఎర్త్ వైరు మీద కూడా అనుమానంతో అన్ని లోడ్లూ వేసి అందులో పోయే వోల్టేజీ చూశాను, 0.04 వోల్టు మాత్రమే వచ్చింది, అంటే బాగుంది. దాన్ని ముట్టుకోలేదు.

మధ్యాహ్నం రెండింటికి, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, ఏసీ వేసుకుని చాదర్‌ఘాట్ దాకా పోయొచ్చాం. తేలిక కాలు మీద రెండు నుంచి మూడుకు ఆర్‌పీఎం ఎగురుడు 50 లోపు. ఇరవై రెండు సార్లు మారింది, ఇరవై రెండు సార్లూ స్విచ్ "పట్టుకున్నా" అంది. సారు స్టీరింగ్ పట్టుకుని మలక్‌పేట నుంచి షెడ్డు దాకా తోలారు. ఏమీ మాట్లాడలేదు, గేరు మారిన ప్రతిసారీ తల ఊపారు.

మొత్తం బిల్లు 23,400 రూపాయలు. అందులో సోలెనాయిడ్లు విప్పిన కూలి, గాస్కెట్ల ఖర్చు వెయ్యలేదు. ఆ పని బండికి అవసరం లేదు, నా తప్పుకు సారు డబ్బు కట్టకూడదు.

రివర్స్‌లో సన్నటి దడ్ ఒకటి మిగిలింది. అది గేరుది కాదు. బాక్సు వైపు మౌంటింగ్ రబ్బరు ఒక పక్క చిరిగింది, బ్రేకు మీద ఉంచి డి నుంచి ఆర్‌కు మారిస్తే ఇంజను లేచి కూర్చోవడం బానెట్ తెరిచి కళ్లతో చూడవచ్చు. ఇప్పుడే వద్దు, పింఛను వచ్చాక చేయిద్దామన్నారు సారు. జూన్‌లో మార్చాం.

నాలుగోసారి ఆయిల్ ఆ ఏడాది డిసెంబర్‌లో, 1,51,200 దగ్గర దించాం. రంగు ఎర్రగానే ఉంది. అయస్కాంతం మీద కాటుక వేలి గోరంత కూడా లేదు. సారు ఈసారి అట్టముక్క కూడా వెంట తెచ్చుకున్నారు, అందులో 17 పక్కన టిక్కు పెట్టుకుని జేబులో దాచుకున్నారు.